చలికాలపు పండుగలూ మాదిగపల్లె చరిత్రా

గుంటూరు నుంచి పొన్నూరు పోయే దారిలో చేబ్రోలు ఉన్నది. చరిత్ర చదువుకొన్నవారికి కొత్త ఊరేమీ కాదు. దక్షిణ భారతంలో ఇంతవరకు దొరికిన సంస్కృత శాసనాలలోకెల్లా ప్రాచీనమైనదని 2019లో పురావస్తుశాఖవారు ప్రకటించిన శాతవాహన విజయుని శాసనం (క్రీ. శ. 207) అక్కడిదే. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడీ అక్కడే. దేవుళ్ళు మారటం, పాతవారి పక్కనే కొత్తవారు వెలవటం ఆ నేలకు అలవాటు. ఆ చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెమనే చిన్న ఊళ్ళో కొన్ని మాదిగ కుటుంబాలు 1980ల నుంచి తాము యూదులమని చెప్పుకొంటున్నాయి. బెనె ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము సంతానం, అన్నది వారు పెట్టుకొన్న పేరు. 1991లో అక్కడ ఒక సినగాగు వెలిసింది. అంతకు ముందు వారు క్రైస్తవులు. డిసెంబరు వస్తే క్రిస్మస్ చేసుకొన్న ఇండ్లు. ఇప్పుడు ఆ చలికాలంలో వారి పండుగ హనుక్కా.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు రెండు రకాల మాటలు వినబడ్డాయి. ఒకటి సంప్రదాయవాదులది. సంక్రాంతి తెలుగువారందరి పండుగ, దాన్ని వదిలి పరాయి పండుగల వెంట పడటం జాతిద్రోహం కాకపోయినా జాతి మరుపు అంటారు. రెండోది మనవాళ్ళది. ఒక మూఢనమ్మకం పోయి మరొక మూఢనమ్మకం వచ్చింది, కూలిరేటు సంగతి చూసుకోక ఈ దీపాల గొడవ ఏమిటంటారు. మొదటి మాటకు జవాబు చెప్పటం తేలిక. రెండోది మన ఇంటిలోని మాట గనుక దాని సంగతి తేల్చుకోవటం కష్టం. నా ఉద్దేశంలో ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. ఇద్దరూ పండుగను ఉత్త నమ్మకంగా చూస్తున్నారు. పల్లె ఎన్నడూ అలా చూడలేదు. పండుగనాడు తాను ఎక్కడ నిలబడాలి, ఎవరి గుమ్మం ముందు నిలబడాలి, చేత ఏం పట్టుకొని నిలబడాలి అన్నది పల్లె వేసుకొన్న ప్రశ్న. ఒక కుటుంబం చలికాలంలో కూర్చొని "ఏ పండుగ మనది?" అని ఆలోచించటం మొదలుపెడితే, దాని వెనుక నూటయాభై ఏళ్ళ తగాదా ఉన్నది.

ముందు సంక్రాంతి సంగతి చూద్దాం. మన పాఠ్యపుస్తకాలలో సంక్రాంతి అంటే గొబ్బెమ్మలు, భోగిపళ్ళు, హరిదాసు, గంగిరెద్దు. ఇవన్నీ పోగుచేసి 'రైతుల పండుగ' అని పేరు పెట్టాం. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణుల్లో వరిసాగు స్థిరపడింది. అక్కడ మార్గశిరం నుంచి కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు సాగి పుష్యానికి ధాన్యం ఇల్లు చేరుతుంది. కాబట్టి డెల్టాలో అది పంట పండుగ అన్నమాట నిజమే. మెట్టకు వెళితే ఆ మాట సగానికి దిగుతుంది. పల్నాడులో, సత్తెనపల్లి, ప్రత్తిపాడు వైపున సంక్రాంతినాటికి ప్రత్తి ఇంకా తీస్తూనే ఉంటారు. మిరప అప్పుడప్పుడే పండుబారుతూ ఉంటుంది. గుంటూరు మిర్చియార్డుకు బస్తాలు వరదలాగా వచ్చేది ఫిబ్రవరి తరువాత. మెట్టరైతు చాలాచోట్ల అప్పుచేసి పండుగ చేసుకొంటాడు. పంట పండుగ అనే బిరుదు కూడా మాగాణి ఇచ్చిందేనన్నమాట. మనం దాన్ని తెలుగుదేశమంతటికీ పరిచాం.

ఇక భూమి లేనివాడి సంగతి. పాత గ్రామవ్యవస్థలో మాదిగకు కూలి నాణెంగా ముట్టేది కాదు. చెప్పులు కుట్టాలి, మోటబొక్కెన కుట్టాలి, తోలుపని అంతా చెయ్యాలి, చచ్చిన గొడ్డును లాగాలి, కబురు మొయ్యాలి, ఊరికి తప్పెట కొట్టాలి. ఏడాది పొడుగునా చేసిన ఈ పనులకు నూర్పిళ్ళనాడు కళ్ళంలో ఇంత 'మేర' అని ధాన్యం కొలిచేవారు. ఎంత అన్నది ఆచారం చెబుతుంది, కొలిచే చెయ్యి మాత్రం ఆసామిది. కొలత కొంచెం తగ్గినా అడగటానికి కరణం ముందుకో మునసబు ముందుకో పోవాలి, వాళ్ళూ ఆసాములే. కళ్ళం అంచున నిలబడి ఆ కొలత అందుకోవటం మాదిగకు తెలిసిన పంట పండుగ. తరువాత ఊళ్ళో జరిగే పండుగకు అతని తప్పెట కావాలి. అతడు లేకపోతే ఊరేగింపు కదలదు. అతడు ఉన్నా గుడి మెట్టు ఎక్కడు. కనుమనాడు గొడ్డుకు పసుపూ కుంకుమా, మెడలో గంటలూ, పొంగలి ముద్దా. ఆ గొడ్డు చచ్చినప్పుడు లాగే మనిషికి అరుగు కింద ఆకు. ఇలా రాస్తే హరిదాసునూ గంగిరెద్దులవాణ్ణీ తక్కువ చేస్తున్నావని అనేవారుంటారు. వాళ్ళూ అడిగి తినేవాళ్ళే, కాదనను. కాని వాళ్ళు మన గుమ్మం దాకా రాగలరు.

గుంటూరు జిల్లా వాడైన ఉన్నవ లక్ష్మీనారాయణ పల్లెను నవలకు కేంద్రం చేసి 'మాలపల్లి' (1922) రాస్తే ప్రభుత్వం నిషేధించింది. ఊరి కథ రాయాలంటే ఊరి బయట మొదలుపెట్టాలని ఆయనకు తెలిసింది. పండుగ చరిత్రకూ అదే పద్ధతి అవసరం.

ఆ తప్పెట దగ్గరే కథ మలుపు తిరిగింది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషను దొర లైమన్ జ్యూయెట్, అతని భార్య, మరి ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు పక్క గుట్ట ఎక్కి ప్రార్థన చేశారు. అది మిషను చరిత్రలో పురాణమై కూర్చున్నది. మనకు కావలసింది పన్నెండేళ్ళ తరువాతి సంగతి. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. అప్పటికే తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య సత్యం వెతుక్కొంటూ యోగుల వెంట తిరిగి, వారి బోధ విని, దానితో తృప్తిపడక క్రైస్తవంవైపు నడిచాడు. మిషనరీ పల్లెను వెతుక్కొని పోయాడని రాస్తారుగాని, ఇక్కడ పల్లే మిషనరీని వెతుక్కొని వచ్చింది. ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' పుస్తకం ఆ మనుషులు చెప్పిన కథల మీద కట్టినదే. మిషనరీ గొప్పలు కొంత తీసివేసి చదువుకొంటే మాదిగల చరిత్రకు అంత దగ్గరగా ఆ కాలంలో వచ్చిన పుస్తకాలు అరుదు.

కొత్తగా చేరినవారికి సంఘం పెట్టిన కట్టుబాట్లు మూడు. ఆదివారం పని చెయ్యరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహాలకు మొక్కరాదు. దొర దృష్టిలో ఈ మూడూ మతధర్మాలు. వాటిని ఊళ్ళో నిలబెట్టి చూస్తే ఏమవుతాయి? మొదటిది వారానికొక రోజు సెలవు. ఆసామి పొలానికి మనిషి రాడు. రెండోది కులవృత్తి మీద తిరుగుబాటు. చచ్చిన గొడ్డును లాగించే హక్కు, దాన్ని కూలికింద లెక్కకట్టే వాడుక, రెండూ దెబ్బతిన్నాయి. మూడోది తప్పెట. మొక్కనివాడు కొలుపుకు వాయించడు. మాదిగ తప్పెట కొట్టనంటే ఊరి అమ్మవారు గడప దాటదు. కరణానికీ మునసబుకూ ఈ లెక్క మిషనరీకన్నా ముందే బోధపడింది. ఊళ్ళో పని ఇవ్వకుండా ఆపారు, మేర ఆపారు, నీళ్ళ దగ్గర అడ్డం నిలిచారు. దేవుడి పేరు మారినందుకు ఎవరూ ఇంత కష్టపడరు. పోయింది వెట్టి.

1876–78 కరవు వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో క్లౌ ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. అన్నం కోసం చేరుతారన్న అనుమానంతో ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయం ముగిశాక మళ్ళీ మొదలుపెడితే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగి లేచారు. 'అన్నం క్రైస్తవులు' అని వెక్కిరించటం ఇప్పటికీ మనవారిలో ఉన్నది. అన్నం కోసమే వెళ్ళారనుకొందాం. కరవులో నీ ఊరి మనిషి అన్నం కోసం పరాయివాడి దగ్గరకు నడిస్తే సిగ్గుపడవలసింది నడిచినవాడా?

క్రిస్మస్ ఎలా వచ్చింది? ఇక్కడ ఒక తమాషా ఉన్నది. బాప్టిస్టులు ఏ ప్యూరిటను వారసత్వం నుంచి వచ్చారో అది క్రిస్మస్‌ను గౌరవించినది కాదు. మసాచుసెట్స్ వలసలో 1659 నుంచి 1681 వరకు క్రిస్మస్ చేసుకొన్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది. బైబిలులో తేదీ లేదు, ఇది అన్యుల ఉత్సవం అని వారి వాదన. అమెరికాలో అది ప్రభుత్వ సెలవుదినం అయిందే 1870లో. అంటే ఒంగోలు దొరల పూర్వులలో చాలామంది ఏ పండుగను పాపమన్నారో ఆ పండుగే వారి శిష్యుల పల్లెల్లో పెద్ద పండుగ అయింది. గుంటూరు దారి వేరు. 1842 జూలై 31న గుంటూరు చేరిన హేయర్ జర్మనీలో పుట్టిన లూథరను. లూథరన్లకు క్రిస్మస్ మొదటినుంచీ ముద్దే. సాధారణంగా ఇటు లూథరన్లలో మాలలు, అటు బాప్టిస్టులలో మాదిగలు ఎక్కువ. దారులు రెండయినా చివరకు రెండు పల్లెల్లోనూ ఒకే పండుగ నిలిచింది. దాన్ని నిలబెట్టింది మిషనరీ ఇష్టాయిష్టాలు కాదు. పల్లె తన లెక్కలో తాను చూసుకొన్నది.

ఆ లెక్క ఏమిటి? డిసెంబరు చివరకు కోతకూలి చేతికి వచ్చి ఉంటుంది. సంక్రాంతి మూడు వారాల దూరంలో ఉంటుంది. అవే అరిసెలు, అవే కొత్తబట్టలు, అదే అల్లుడు, అదే సున్నం. పండుగ సామగ్రి అంతా సంక్రాంతిదే. మారినది స్థలం. గుడిసె మీద వెదురుబద్దల నక్షత్రం వెలుగుతుంది. రాత్రిళ్ళు పాటలు పాడుకొంటూ తిరిగే గుంపు పల్లెలో మొదలై పల్లెలో ముగుస్తుంది. వచ్చినవారికి పెట్టే చెయ్యి పల్లెది. ఊరివారికి కూడా అరిసెలు పంపుతారు. తింటారా, గొడ్డుకు పెడతారా అన్నది వేరే సంగతి. ఏడాదిలో ఒక్కరోజు పల్లె అడిగేది కాక పెట్టేది అయింది. ఈ ఒక్క మార్పు కోసం ఒక పండుగను వదిలి మరొకదాన్ని తీసుకోవటంలో నాకు మూఢత్వమేమీ కనబడదు.

పండుగల పుట్టుకకు వస్తే అన్నిటికీ మూలం ఒకటే సూర్యుడు. డిసెంబరు 25న క్రిస్మస్ జరిగినట్టు మనకు దొరికే తొలి ఆధారం రోమునగరంలో క్రీ. శ. 336 నాటిది. రోమను పంచాంగంలో అది పొద్దు తిరిగే రోజు. మన మకర సంక్రాంతి కూడా ఒకనాడు నిజమైన ఉత్తరాయణం దగ్గరే ఉండేది. డెబ్బై ఏళ్ళకు సుమారు ఒకరోజు చొప్పున జరిగి జనవరి మధ్యకు వచ్చింది. హనుక్కా చాంద్రమాన పండుగ, అధికమాసం వేసి సరిచేసుకొనే యూదుల లెక్కలో కిస్లేవు మాసం 25వ రోజు. ముగ్గురూ చలికాలపు చీకటికి దాయాదులే. తాపీ ధర్మారావుగారు పెళ్ళికీ గుడికీ పుట్టుపూర్వోత్తరాలు అడిగినట్టు పండుగకూ అడిగితే ఇటువంటివి చాలా తేలతాయి. కాని పుట్టుక తెలిసినంత మాత్రాన ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలియదు.

అది తెలియాలంటే ఫిరంగిపురం పోవాలి. అక్కడ రెడ్లు తరతరాలుగా కతోలికులు, 18వ శతాబ్దం నుంచీ ఉన్నవారు. వారికి క్రిస్మస్ ఉన్నది, బాలయేసు గుడి ఉన్నది, భూమీ ఉన్నది. సంక్రాంతి చేసుకోవాలా వద్దా అన్నది ఆ ఇళ్ళలో ప్రాణసంకటమైన ప్రశ్న ఎన్నడూ కాలేదు. కొత్త బియ్యం తమవి అయినప్పుడు పరమాన్నం ఏ పేరుతో వండినా పరమాన్నమే. ఎద్దు తమది అయినప్పుడు కనుమ ఏ దేవుడికీ అడ్డం రాదు. అదే క్రైస్తవం, అదే మైదానం, అదే పొద్దు. ఒకరికి రెండు పండుగలూ పడతాయి, ఇంకొకరు ఒకటి ఎన్నుకోవలసి వస్తుంది. తేడా విశ్వాసంలో లేదు, పట్టాదారు పుస్తకంలో ఉన్నది. చర్చి లోపల రెడ్డి క్రైస్తవుడూ మాదిగ క్రైస్తవుడూ ఒకే పండుగ చేసుకొని వియ్యమందలేదన్నదీ మనకు తెలిసినదే. వినుకొండలో క్రైస్తవుల ఇంట పుట్టి పురాణాలు చదువుకొన్న జాషువాను ఇటు పండితులూ అటు చర్చి పెద్దలూ కూడా దూరం పెట్టారు. 'గబ్బిలం' (1941) రాసిన కవే 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమానం అందుకొన్నాడు. రెండు గుమ్మాల మీదా నిలబడి చూసినవాడాయన.

స్వాతంత్ర్యం వచ్చాక పండుగ ప్రశ్నలోకి మూడో మనిషి ప్రవేశించాడు. అతడే సర్టిఫికెట్టు ఇచ్చే అధికారి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువు కానివాడికి ఆ హోదా లేదన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. అంబేద్కరు వెంట బౌద్ధంలోకి నడిచినవాడు దళితుడుగా మిగిలాడు. క్లౌ వెంట నడిచినవాడి మనుమడు కాగితం మీద దళితుడు కాకుండా పోయాడు. ఆంధ్రప్రదేశ్‌లో అతనికి వెనుకబడిన కులాల 'సి' వర్గంలో ఒక శాతం ఉన్నది. ఊళ్ళో అతడు ఏ బావి దగ్గర నిలబడ్డాడో ఆ ఉత్తర్వు అడగలేదు.

ఫలితం ఏమిటో కాలేజీలో పాఠం చెప్పేవారందరికీ తెలుసు. చేరేటప్పుడు విద్యార్థి దరఖాస్తులో కులం గడి నింపి మతం గడి దగ్గర కలం ఆపుతాడు. "ఇక్కడ ఏం రాయమంటారండీ?" అని అడుగుతాడు. నన్ను అడిగినవాళ్ళున్నారు. నిజం రాయమని చెప్పే ధైర్యం నాకు చాలలేదు. ఏది నిజమో తేల్చటం నా తరమూ కాలేదు. రికార్డులో హిందువు, ఆదివారం చర్చి, డిసెంబరులో నక్షత్రం, పెళ్ళిలో తల్లి తరఫు ఆచారం. అది అబద్ధం కాదు, ఆ కుటుంబం నూరేళ్ళుగా బతికిన బతుకు.

గుంటూరుకు ఈ తగాదాలో స్వంత అధ్యాయమే ఉన్నది. మాదిగ కులం నుంచి క్రైస్తవంలోకి పోయిన తలిదండ్రుల బిడ్డ ఒకడు 1973లో శుద్ధి చేయించుకొని హిందువై, గుంటూరు వైద్య కళాశాలలో షెడ్యూల్డు కులాల సీటు అడిగాడు. సీటు ఇచ్చి మళ్ళీ రద్దు చేశారు. 1976లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. హిందువయ్యాక అతణ్ణి ఆ కులస్థులు తమవాడుగా ఒప్పుకొంటే చాలునన్నది. వినటానికి ఉదారంగానే ఉన్నది. అయితే ఒప్పుకొన్నారనటానికి సాక్ష్యం ఏమిటి? ఎవరి పెళ్ళికి పోయావు, ఏ పండుగ చేశావు, ఏ గుడికి మొక్కావు. పండుగ సాక్ష్యమై కూర్చున్నది. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, క్రమంగా చర్చికి పోతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవటం చెల్లదన్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పూర్వపు గుంటూరు జిల్లాకు చెందిన ఒక పాస్టరు పెట్టిన అత్యాచార నిరోధక చట్టం కేసును, అతడు క్రైస్తవుడు గనుక ఆ చట్టం వర్తించదని కొట్టివేసింది. కులం పేరుతో తిట్టినవాడికి ఎదుటివాడి మతం అడ్డం రాలేదు. చట్టానికి అడ్డం వచ్చింది. ఈ పరిస్థితిలో డిసెంబరు రాత్రి గుడిసె మీద నక్షత్రం కట్టటం ఒక సాహసం. కట్టకపోవటం ఒక జాగ్రత్త. రెండింటిలో ఏది మంచిదని ఆ తండ్రికి చెప్పే అధికారం ఎవరికున్నది?

ఈ వెలుగులో కొత్తరెడ్డిపాలెం చూడాలి. క్రైస్తవ బోధకుడుగా ఉన్న షముయేల్ యాకోబీ 1980ల మొదట్లో యెరూషలేము వెళ్ళి, అక్కడ యూదుల ఆచారాలకూ తన పల్లె ఆచారాలకూ పోలిక కనిపించిందని తిరిగి వచ్చాడు. తమ్ముడు సాదోక్ యాకోబీ ఊళ్ళో ఆరాధన నడిపాడు. క్రీ. పూ. 722లో అష్షూరు రాజులు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని కూల్చినప్పుడు చెదిరిన ఎఫ్రాయిము గోత్రం తిరిగి తిరిగి తెలుగుదేశం చేరిందని వారి వాదన. 2002లో షముయేల్ దీని మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. ఎద్దుమాంసం తినటం, శవాన్ని పూడ్చటం దీనికి ఆధారాలు. తెలుగుకూ హీబ్రూకూ మాటల పోలిక మరో ఆధారం. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు ఈ సమాజం మీద 2013లో ప్రచురించిన పుస్తకం దీన్ని కులం మీద జరుగుతున్న వాదంగా చదివింది. అది సరైన చదువు.

భాష చదువుకొన్నవాడిగా నా మాట నిర్మొహమాటంగా చెప్పాలి. తెలుగు ద్రావిడభాష, హీబ్రూ సెమిటిక్ భాష. నాలుగు మాటలు వినికిడికి కలిసినంతలో చుట్టరికం కుదరదు. ఆ వలస కథకు చరిత్రాధారం లేదు. కాని ఆధారం లేదని పుస్తకం మూసేస్తే మనం చూడవలసింది చూడలేదన్నమాట. మాదిగలు తమ పుట్టుకను ఇలా పైనుంచి చెప్పుకోవటం ఇదే మొదలా? డక్కలివారు పటం పరచి, చిందువారు ఆడి చెప్పే జాంబపురాణంలో ఆదిజాంబవుడు భూమి పుట్టకముందే పుట్టినవాడు. దేవుళ్ళు అతని తరువాతివారు. నన్ను వెలివేసిన నీ పురాణానికన్నా నా పురాణం పాతది అన్న మాటనే యాకోబీ బైబిలు భాషలో మళ్ళీ చెప్పాడు. ఊరు ఏ మాంసాన్ని అంటుగా చూసిందో ఆ మాంసమే ఇప్పుడు వంశానికి రుజువు అయింది. అయితే చచ్చిన గొడ్డు యూదుల ధర్మంలోనూ నిషిద్ధమే. క్లౌ కాలపు రెండో కట్టుబాటు అలాగే నిలిచింది. మొదటిది మాత్రం ఆదివారం నుంచి శనివారానికి జరిగింది. వ్యవసాయకూలి ఇంట్లో ఆ ఒక్కరోజు జరగటానికి ఖరీదు ఉన్నది. ఊరంతా పనిలో ఉన్న శనివారం ముఠాతో పోకపోతే ఆ రోజు కూలి పోతుంది.

హనుక్కా కథ తెలిసినదే. సెల్యూకసు వంశపు రాజు యెరూషలేము ఆలయంలో విగ్రహం పెట్టి, విశ్రాంతిదినాన్ని నిషేధిస్తే మక్కబీయులు తిరగబడి క్రీ. పూ. 164లో ఆలయాన్ని తిరిగి శుద్ధి చేసుకొన్నారు. ఎనిమిది రాత్రులు దీపాలు, నూనెలో వేచిన పిండివంటలు. గారెలూ బూరెలూ వండే గుంటూరు వంటింటికి ఇది కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. మక్కబీయుల గ్రంథాలు ప్రొటెస్టంటు తెలుగు బైబిలులో లేవు. ఆ బైబిలు చదివి పెరిగిన కుటుంబానికి ఈ పండుగ కనబడేది యోహాను సువార్త పదో అధ్యాయంలో. అక్కడ ఆలయ ప్రతిష్ఠ పండుగ జరుగుతున్నదనీ అది చలికాలమనీ ఉన్నది, ఆ ఆలయంలో నడుస్తున్నది యేసే. క్రిస్మస్ తేదీ బైబిలులో లేదు, హనుక్కా ప్రస్తావన ఉన్నది. పుస్తకాన్ని అక్షరాలా నమ్మే ఇంట్లో ఈ సంగతి ఎంత బరువు తూగుతుందో మనబోటివాళ్ళం తేలిగ్గా ఊహించలేం. ప్యూరిటను తాతలు దించిన పండుగను తెలుగు మనుమడు వారి వాదంతోనే మళ్ళీ దించాడు.

ఈ పత్రిక పాఠకులకు వెంటనే తట్టే అభ్యంతరం ఒకటున్నది. పాలస్తీనా ప్రజల నేల ఆక్రమించిన రాజ్యంవైపు మన పల్లె చూడటమేమిటి? అభ్యంతరం న్యాయమైనదే, దాన్ని నేను తగ్గించి చెప్పను. కాని ఆ రాజ్యం వీరిని ఒప్పుకోలేదు. మణిపురం, మిజోరం కొండల బెనె మెనషేలను 2005లో యూదుల ప్రధాన మతాచార్యుడు గుర్తించాడు. గుంటూరు మాదిగలకు ఆ గుర్తింపు రాలేదు. ఇక్కడి ఉత్తర్వు దృష్టిలో వారు హిందువులు కారు, అక్కడి మతపీఠం దృష్టిలో యూదులు కారు. చుట్టూ ఉన్న బంధువులు క్రైస్తవులు. దీపం వెలిగించిన ఇంటికి పక్కింట్లో నక్షత్రం వెలుగుతూ ఉంటుంది. ఇది లాభం కోసం వేసిన ఎత్తు అని అనేవారు ఈ లెక్కలు ఒకసారి వేసి చూడాలి.

కాలం కూడా చూడాలి. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను చంపారు. బతికినవారు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకొన్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలలను చంపి గోతాల్లో కట్టి కాలువలో పారేశారు. కొత్తరెడ్డిపాలెంలో సినగాగు వెలిసిన సంవత్సరమూ 1991. రెండూ తెనాలికి దగ్గరి ఊళ్ళే. ఒకటి ఇంకొకదానికి కారణమని నేను అనటం లేదు. క్రైస్తవం పుచ్చుకొని నూరేళ్ళు దాటినా పల్లె ప్రాణానికి పూచీ లేదని ఆ దశాబ్దం చూపించింది. ఆ దశాబ్దంలో ఒక కుటుంబం 'మనం ఎవరం?' అని మొదటినుంచీ మళ్ళీ అడిగిందంటే ఆశ్చర్యపడవలసింది లేదు.

మనం ఆ ప్రశ్న ఎప్పుడైనా వారితో కూర్చొని అడిగామా? 1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది తెనాలిలోనే. అదే దశాబ్దంలో ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా తిప్పి జానపద కళలకు ప్రాణం పోసింది. అది చాలా పెద్ద పని, చిన్నబుచ్చను. కాని సంక్రాంతిని మనమూ 'ప్రజల పండుగ' అన్నాం. హరిదాసులో శ్రమజీవిని చూశాం, గొబ్బెమ్మలో స్త్రీల కళను చూశాం. తప్పెట కొట్టేవాణ్ణి కళాకారుడన్నాం. అతనికి దాన్ని కొట్టననే హక్కు ఉన్నదనీ, అతని తాత ఆ హక్కు కోసమే మేర పోగొట్టుకొన్నాడనీ మన వ్యాసాలలో రాసుకోలేదు. రైతుకూలీని వర్గంగా చూసి, అతని ఇంటి మీది నక్షత్రాన్ని వెనుకబాటుగా చూశాం. రెండూ ఒకే మనిషివి.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషను పోరాట సమితి పుట్టినప్పుడు ఆ తప్పెటే మళ్ళీ బయటికి వచ్చింది. ఉద్యమానికి దండోరా అని పేరు వచ్చింది. 1870లలో ఒంగోలు పల్లెలు ఊరి కోసం కొట్టమని కింద పెట్టిన వాద్యాన్ని, నూరేళ్ళు దాటాక అదే సీమలో మునిమనుమలు తమ సభ కోసం చేతికి తీసుకొన్నారు. చర్చిలో ఎప్పుడో మానిపించినది, ఊళ్ళో వెట్టిగా ఉన్నది, ఇప్పుడు స్వంతమైంది. సంక్రాంతి కూడా ఎప్పుడైనా ఇలా తిరిగి పల్లె చేతికి వస్తుందా అని కొందరు మిత్రులు అడిగారు. తప్పెట మాదిగ చేతులతో చేసుకొన్నది, కాబట్టి వచ్చింది. కళ్ళం ఎవరిది?

2024లో పంచాంగాలు ఒక చిత్రం చేశాయి. డిసెంబరు 25 పొద్దు గుంకేసరికి క్రిస్మస్ పూర్తికాలేదు, హనుక్కా మొదటి దీపం వేళ అయింది. నక్షత్రానికీ దీపానికీ ఒకే సాయంత్రం. సంక్రాంతికి ఇంకా ఇరవై రోజులు. మెట్ట ఊళ్ళలో మిరపకోతకు ముఠాలు అప్పటికే మాట్లాడుకొంటున్నాయి.